షల్ మాస్టారు

మొన్న కోర్టు వరండాలో, చల్లపల్లి నుంచి పొలం దావా పని మీద వచ్చిన రైతు ఒకాయన, వకాల్తా కాగితం మీద సంతకం చేస్తూ చేస్తూ తలెత్తి, "మీ ఇంగ్లీషు మాస్టారు పోయారండీ. మీకు తెలిసే ఉంటుంది" అన్నాడు.

నాకు తెలియదు. మాస్టారు బెజవాడ వదిలి చల్లపల్లి చేరి చాలా ఏళ్ళయింది. పత్రికలో పడలేదు. ఊళ్ళో ఎవరూ రెండు నిమిషాలు లేచి నిలబడలేదు. ఎట్లా పోయారని అడిగాను.

"మామూలుగానేనండీ. మజ్జిగన్నం తిని పడుకున్నారు. లేవలేదు."

మాస్టారి విషయంలో ఏదైనా మామూలుగా జరగడం బహుశా అదే మొదటిసారి.

గవర్నర్‌పేటలో ఒకే పెంకుటింట్లో తూర్పు వాటా ఆయనది, పడమటి వాటా నాది. మధ్యలో తాటాకు తడిక. అప్పటికి నేను ప్లీడరు పరీక్ష గట్టెక్కి, నల్లకోటు కుట్టించుకుని, కక్షిదారుల కోసం ఎదురు చూస్తున్నవాణ్ణి. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి చెప్పి జుట్టు నెరిసినవారు. సన్నగా, నిటారుగా, మడిచిన గొడుగులాగా ఉండేవారు. చేతిలో ఎప్పుడూ నశ్యం డబ్బీ. ఎదుటివాడు మాట్లాడుతుంటే చిటికెడు నశ్యం తీసి ముక్కు దాకా తెచ్చేవారు. ఆ మనిషి ఇంగ్లీషులో తప్పు మాట్లాడాడా, చెయ్యి అక్కడే ఆగిపోయేది. వాడు దిద్దుకునేదాకా పీల్చేవారు కాదు. మా బార్‌లో ఒక పెద్ద వకీలు ఆయనతో పావుగంట మాట్లాడితే ఆ పావుగంటా చెయ్యి గాల్లోనే ఉందని చెప్పుకునేవారు.

ఆయన లెక్క ప్రకారం ఇంగ్లీషు భాష అంటే రెండే క్రియలు. ఒకటి షల్, రెండోది విల్. పుస్తకాల్లో వీటిని సహాయక క్రియలంటారు. ఆ మాట వింటే ఆయనకి ఒళ్ళు మండేది.

"సహాయకులేమిటయ్యా! వీళ్ళు దొరలు. వెనకాల వచ్చే గో, కమ్, ఈట్, ఇవన్నీ బంట్రోతులు. దొర ముఖం చూసి నడుచుకుంటాయి."

నాకు ఆయన నేర్పిన పాఠం ఇప్పటికీ నోటికి వస్తుంది. 'నేను', 'మేము' అన్నప్పుడు షల్ వాడితే అది ఉత్త సమాచారం, జరగబోయేది చెప్పడం. విల్ వాడితే సంకల్పం, పట్టుదల. 'నువ్వు', 'వాడు', 'వాళ్ళు' అన్నప్పుడు ఇది తారుమారవుతుంది. అక్కడ విల్ సమాచారం, షల్ సంకల్పం. "అదీ వాడి సంకల్పం కాదు. చెప్పేవాడిది. ఐ షల్ గో అంటే వెళ్ళబోతున్నానని కబురు. యు షల్ గో అంటే, నీ ఇష్టంతో పని లేదు, నేను పంపిస్తున్నాను, నడువ్."

ఈ సూత్రం ఆయన ఇంట్లో తెలుగుకి కూడా అమలయ్యేది. మాస్టారి భార్యని నేను పిన్నిగారనేవాణ్ణి. ఒకనాడు ఆవిడ "రేపు మా పుట్టింటికి వెళ్తానండీ" అంటే తడిక అవతల నుంచి ఈయన గొంతు వినపడింది.

"సంకల్పమా, సమాచారమా?"

"జట్కా మాట్లాడానండీ" అన్నారావిడ.

మన తెలుగు మీద ఆయనకి పెద్ద ఫిర్యాదే ఉండేది. స్టాఫు రూములో అందరి ముందూ ఒకసారి "మన భాషకి భవిష్యత్తు లేదు" అని తేల్చేశారు. ఆయన ఉద్దేశం వ్యాకరణం. రోజూ వెళ్తాడు, రేపు వెళ్తాడు, రెండిటికీ మనకి ఒకటే 'వెళ్తాడు' గదా అని. ఆ ముక్క చెప్పేలోపే తెలుగు పండితుడు పై పంచె దులిపి లేచాడు.

"మా భాషకి భవిష్యత్తు లేకపోతే పోనీండి. మీ భాషకి ఈ దేశంలో భవిష్యత్తు లేదు, అది చూసుకోండి!"

మాస్టారు నశ్యం పీల్చి, "ఇంగ్లీషులో చెప్పండి. విల్ అంటారా, షల్ అంటారా?" అన్నారు. పండితుడు ఆయనతో ఏడాది మాట్లాడలేదు.

అదీ మనిషి. రాజకీయాలు పట్టవు. ఖద్దరు గుచ్చుకుంటుందని కట్టేవారు కాదు. దొరలుంటే ఏం, పోతే ఏం, వాళ్ళ క్రియలు ఇక్కడ ఉంటే చాలన్నట్టుండేవారు. అలాంటాయన జైలుకి వెళ్ళారు. నా వకాల్తా మీదే వెళ్ళారు.

దేశమంతా అట్టుడికిపోతున్న రోజులు. పెద్ద నాయకులందరినీ పట్టుకుపోయారు. రైలు పట్టాలు పీకుతున్నారని ఒక రోజు, తీగలు తెంపారని ఒక రోజు కబుర్లు. దానికి తోడు యుద్ధం. సముద్రపు ఒడ్డున బాంబులు పడ్డాయని బెజవాడలో సగం మంది పల్లెలకి పోయి, పల్లెల్లో దోమలకి తాళలేక తిరిగి వచ్చారు. అలాంటప్పుడు బందరు కాలువ గట్టున ఒక సభ జరిగింది. మాట్లాడేవాడు గవర్నర్‌పేటలో బట్టల టోకు వ్యాపారం చేసేవారి అబ్బాయి. మద్రాసులో బి.ఏ. చదివి వచ్చాడు. యువనాయకుడని పేరు. నేను సభకే వెళ్ళాను. మాస్టారు వంకాయల కోసం బజారుకి వెళ్ళి, తిరిగి వస్తూ నా పక్కన ఆగారు.

"వీడు నా దగ్గర చదివినవాడే" అన్నారు. ఆ గొంతులో గర్వముందో ముందుజాగ్రత్త ఉందో చెప్పలేను.

తెలుగులో ఊదరగొట్టాక యువనాయకుడు ఒక తీర్మానం తీశాడు. అది ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషులో లేకపోతే మద్రాసు పత్రికలు వెయ్యవు. పాలకులు ఈ దేశం విడిచి వెళ్తారని అందులో మొదటి వాక్యం. గొంతు పెంచి చదివాడు: "ద ఫారిన్ రూలర్స్ విల్ లీవ్ దిస్ లాండ్!"

పక్కకి చూశాను. నశ్యం చిటికె గాల్లో ఆగి ఉంది.

యువనాయకుడికి చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో రెండోసారి చదివాడు. మళ్ళీ విల్. మూడోసారి చదివేసరికి ఆయన వంకాయల సంచీ నా చేతిలో పెట్టి, మునివేళ్ళ మీద లేచి, వెనక బెంచీ కుర్రాళ్ళకి వినపడేలా పాఠం చెప్పే గొంతుతో అరిచారు.

"షల్! దే షల్ లీవ్! షల్!"

సభలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు పట్టుమని పదిమంది ఉంటారేమో. మిగిలిన జనానికి అది నినాదమైంది. ముందు ఎవరో ఒకడు "షల్!" అన్నాడు. తర్వాత వరస మొత్తం అంది. కాసేపటికి గట్టు దద్దరిల్లింది. షల్, షల్, షల్ అనుకుంటూ జనం లేచి ఊరేగింపుగా గవర్నర్‌పేట మీదికి నడిచారు. బండివాడు ఒకడు ఎద్దుల్ని ఆపి, "ఏందయ్యా అంటున్నారు?" అని అడిగితే, "ఏమో, తెల్లోడికి గిట్టని మాటంట" అని చెప్పి ఇంకొకడు వాడినీ కలుపుకున్నాడు.

మాస్టారు నా చేతిలో సంచీ తీసుకుని, "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు. ఇంటికి వెళ్ళి గుత్తివంకాయ కూర తిన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇనస్పెక్టరు వచ్చాడు. మర్యాదస్తుడు. గుమ్మంలో టోపీ తీసి, "విల్ యు కమ్ విత్ మి, సర్?" అన్నాడు.

మాస్టారు మెచ్చుకోలుగా చూశారు. "చక్కగా అడిగారు. విల్ యు అంటే నా ఇష్టాన్ని అడిగినట్టు. అడిగారు కనక చెబుతున్నాను, నాకు ఇష్టం లేదు."

ఇనస్పెక్టరు కాసేపు టోపీ అటూ ఇటూ తిప్పి, చివరికి తెలుగులో పడ్డాడు. "అట్లా కాదండీ, రావాలండీ."

"ఆ మాట ముందే అనాల్సింది" అని ఉత్తరీయం వేసుకుని బయల్దేరారు.

నేరం పెద్దదే. నినాదం లేవదీసి జనాన్ని ప్రభుత్వం మీదికి ఉసిగొల్పాడన్నారు. తీర్మానం చదివిన యువనాయకుడు మాత్రం దొరకలేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర అత్తవారింటికి చేరి అజ్ఞాతవాసం మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది. ఆ అజ్ఞాతం ఎంత కఠినమైందంటే, తిరిగి వచ్చేటప్పటికి చొక్కాలన్నీ వదులు చేయించుకోవలసి వచ్చింది.

కేసు నేను పట్టాను. మొదటి రోజు నాకు బాగా కలిసొచ్చింది. సాక్షి బోనులో హెడ్డు కానిస్టేబులు.

"షల్ అంటే ఏమిటి?" అని అడిగాను.

"ఫిరంగి గుండండి."

"ఏమన్నారూ?"

"షెల్లండి. యుద్ధంలో వేసేది. షెల్లు, షెల్లు అని అరిచి జనం చేత గుండ్లేయించబోయాడండి."

కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు కూడా నవ్వాడు. ఆయన తెలుగాయనే, విలాయతులో చదివి వచ్చాడు. పైపు కొరుకుతూ, పళ్ళ సందుల్లోంచి ఇంగ్లీషు మాట్లాడేవాడు. కేసు కొట్టేసేలాగే ఉన్నాడు. నా వాదన సులువైనది: ముద్దాయి బడిపంతులు, అలవాటు కొద్దీ ఒక మాట దిద్దాడు, పైగా మన దేశంలో షల్ అన్నా విల్ అన్నా ఒకటే, ఎవరూ తేడా పాటించరు, కాబట్టి మాట మార్చినా అర్థం మారలేదు, అర్థం మారనప్పుడు నేరం లేదు.

ఆ సాయంత్రం జామీను మీద ఇంట్లో ఉన్న మాస్టారికి ఇదంతా చెప్పాను. "రేపు మేజిస్ట్రేటు మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడుగుతాడు. రెండిటికీ తేడా ఉందా అని. లేదనండి. అంతే. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు."

పిన్నిగారు తడిక పక్కన నిలబడి, "ఒక్కమాటే కదండీ. లేదనేస్తే ఆ రెండు ముక్కలూ ఏమన్నా ఏడుస్తాయా?" అన్నారు.

"చూద్దాం" అన్నారు మాస్టారు.

మర్నాడు అనుకున్నట్టే మేజిస్ట్రేటు పైపు పక్కన పెట్టి అడిగాడు. "చూడండి, మాస్టారూ. షల్‌కీ విల్‌కీ ఏమైనా తేడా ఉందంటారా? నాకు తెలిసినంతలో పెద్దగా లేదు."

ఆ రెండో వాక్యం అనకుండా ఉంటే మాస్టారు బయటపడేవారేమో. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ముందు పెదవులు కదిలాయి. 'లేదు' అనబోతున్నారనే అనుకున్నాను. అంతలో ఆ చూపు మారింది. తెలివైన కుర్రాడు తప్పు చెబితే మాస్టర్లకి వచ్చే చూపు.

"తమరు పొరబడ్డారు" అన్నారు.

తర్వాత పావుగంటసేపు అది కోర్టు కాదు, ఐదో ఫారం క్లాసు గది. బోను కర్ర మీద వేలితో తడుతూ చెప్పారు. "దే విల్ లీవ్ అంటే ఓడ ఎక్కుతారని కబురు. ఎక్కడం ఎక్కకపోవడం వాళ్ళ ఇష్టం. అందులో ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు, ప్రభుత్వానికి కూడా. దే షల్ లీవ్ అంటే వాళ్ళ ఇష్టంతో పని లేదు. ఇష్టం ఈ వాక్యం పలికినవాడిది. వెళ్ళక తప్పదు, పంపించేది మేము. రెండూ ఒకటే అన్నవాడికి నేను మార్కులివ్వను."

అంత చక్కటి పాఠం నేను మళ్ళీ వినలేదు. అర్థం కానివాడు ఆ గదిలో ఎవడూ లేడు. మేజిస్ట్రేటుకి మరీ బాగా అర్థమైంది. ముఖం ఎర్రబడింది.

"అయితే తెలిసే, ఆ అర్థంలోనే అన్నారన్నమాట?"

"తెలియకుండా నేను క్రియ వాడను."

నేను కూర్చున్నాను. ఇంకేం చేస్తాను? మేజిస్ట్రేటు కలం తీసి రాసుకుని, ఇంగ్లీషులో తీర్పు చదివాడు. "యు విల్ గో టు ప్రిజన్ ఫర్ సిక్స్ మంత్స్."

మాస్టారి చెయ్యి నశ్యం డబ్బీ కోసం జేబులోకి పోయింది. అది బోనెక్కేముందే పోలీసులు తీసుకున్నారు. ఖాళీ చిటికెనే గాల్లో నిలబెట్టి ఆగారు. మేజిస్ట్రేటు చూశాడు, వెనక బంట్రోతు చూశాడు, మేమంతా చూశాం. చివరికి మాస్టారే అన్నారు.

"అది జోస్యమైతే విల్. ఆజ్ఞ అయితే షల్. తమది ఏది?"

ఆ రోజు నుంచి ఊళ్ళో ఆయన పేరు షల్ మాస్టారు. ఆ ముక్క చెప్పుకోని కాఫీ హోటలు లేదు. స్కూలువారు మాత్రం, వ్యాకరణం కోసం ఇంత దూరం వెళ్ళేవారు తమకి అక్కర్లేదని ఉద్యోగం పీకేశారు. ఆయన చోట వేసినాయన ఆ రెండు క్రియల పాఠం జోలికే పోలేదట.

నెల తర్వాత జైలుకి చూడబోయాను. నాకు కోపం తీరలేదు. గెలిచే కేసు చేజేతులా పోగొట్టిన కక్షిదారు మీద ప్లీడరుకి ఉండే కోపం. పిన్నిగారు పంపిన కారప్పొడి వార్డరు చేతికిచ్చి, ఊచల ముందు నిలబడి అడిగేశాను.

"మాస్టారూ, నిజం చెప్పండి. వ్యాకరణం కోసం మనిషి జైలుకి వస్తాడా? మీరేం దేశభక్తులు కారే! పిన్నిగారు అక్కడ అప్పడాలు ఒత్తి అమ్ముకుంటున్నారు."

ఆ చివరి మాట ఆయనకి తెలియదనుకుంటాను. కాసేపు నేల చూశారు. బాగా చిక్కారు. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఆ సభలో నేను దిద్దింది తప్పునే, ప్లీడరూ. అందులో దేశమూ లేదు, గీశమూ లేదు. కానీ కోర్టులో ఆయన అడిగాడే, తేడా లేదు కదా అని, అప్పుడు నాకో సంగతి తట్టింది. ఇన్నేళ్ళుగా యు షల్ అనే మాట నేను వింటూనే ఉన్నాను. ఇనస్పెక్షనుకి వచ్చిన దొర అన్నాడు. స్కూలు కమిటీవారు అన్నారు. సర్కారు నోటీసులన్నిట్లోనూ అదే. ఎప్పుడూ ఆ వాక్యంలో 'యు' నేనే. పలికేవాడి ఇష్టం నా మీద నడుస్తుంది. ఆ గట్టు మీద పొరపాటునో గ్రహపాటునో ఒక్కసారి, పలికేవాణ్ణి నేనయ్యాను. దే షల్ లీవ్. నా నోట్లోంచే వచ్చింది. దాన్ని కూడా కాదనమంటావా?"

ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఆయనకే ఇబ్బందనిపించిందో ఏమో, వెంటనే మామూలు గొంతులోకి వచ్చేశారు.

"ఇక్కడ మన దేశభక్తుల ఇంగ్లీషు ఘోరంగా ఉందయ్యా. విల్, షల్ కలిపి కొడుతున్నారు. స్వరాజ్యం వచ్చాక వీళ్ళు చట్టాలు రాస్తే ఎవరు ఎవర్ని ఆజ్ఞాపిస్తున్నారో తేలదు. పొద్దున పూట క్లాసు పెట్టాను."

శిక్ష అయ్యాక వచ్చి, అదే వాటాలో ఇద్దరు ముగ్గురు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ ఉన్నారు. రైలు స్టేషన్లో దండలు వేశారు గానీ, దండలు వేసినవాళ్ళు తమ పిల్లల్ని ఆయన దగ్గరికి పంపలేదు. జైలుకి వెళ్ళొచ్చినవాడి దగ్గర చదివితే సర్కారు ఉద్యోగం రాదని.

ఇంతలో స్వరాజ్యం వచ్చింది. త్యాగధనులకి సన్మానమన్నారు. అధ్యక్షుడెవరంటే మన యువనాయకుడే. ఇప్పుడు యువకుడు కాడు, నాయకుడు మాత్రం బాగా అయ్యాడు. గంజి పెట్టిన ఖద్దరు ఫెళఫెళలాడుతుంటే మాస్టారికి శాలువా కప్పి, అజ్ఞాతవాసంలో తాను పడ్డ కష్టాలు చెప్పుకుని, ఆఖర్న ఎందుకో ఇంగ్లీషులోకి దిగాడు.

"ద నేషన్ విల్ నెవర్ ఫర్గెట్ యు, సర్!"

నేను ముందు వరసలో ఉన్నాను. మాస్టారి చిటికె వైపే చూస్తున్నాను. అది ఆగలేదు. హాయిగా ముక్కు దాకా వెళ్ళింది. పీల్చారు, తుమ్మారు, నమస్కారం పెట్టి కూర్చున్నారు.

ఇంటికి నడిచి వస్తుంటే ఉండబట్టక అడిగాను. "వాడు విల్ అన్నాడు. వదిలేశారేమండీ?"

"తప్పు లేదుగా" అన్నారు. "అది కబురే. వాడి సంకల్పమేం కాదు."

అరుగు మీద పిన్నిగారు ఎండిన అప్పడాలు డబ్బాలోకి సర్దుకుంటున్నారు. శాలువా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మడత పెడుతూ అడిగారు.

"ఇంతసేపూ ఏమన్నారండీ సభలో?"

"మర్చిపోమన్నారు" అన్నారు మాస్టారు.

ఆవిడ డబ్బా మూత బిగిస్తూ, "మర్చిపొమ్మన్నారా? అంతేగా మరి. కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తాను" అని లోపలికి వెళ్ళారు.

మాస్టారు నోరు తెరిచారు. దిద్దుతారనుకున్నాను. ఏమీ అనకుండా చెప్పులు విడిచి, నూతి వైపు నడిచారు.